మా అక్క బావీ మ్యాట్‌ప్లాట్‌లిబ్బూ

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అరవై మూడేళ్ళవాణ్ణి కుర్రవాడని ఎవరంటారని మీరు నవ్వవచ్చు. కంప్యూటరు ముందు కూర్చునే మనిషి వయసును అతను కంప్యూటరు కొన్న రోజు నుంచి లెక్కపెట్టాలని నా వాదం. ఆ లెక్కన అప్పటికి నాకు పాలపళ్ళు కూడా రాలేదు. పళ్ళు రాని పిల్లవాడు కనిపించిందల్లా నోట్లో పెట్టుకున్నట్టు నేనూ తెర మీద కనిపించిందల్లా నొక్కేవాణ్ణి, ఆనక గుక్కపెట్టేవాణ్ణి. (గుక్కపెట్టలేదు, వీధి అదిరేటట్టు అరిచానని మా ఆవిడ సవరిస్తోంది. వీధిలో వాళ్ళు ఆమె పక్షమే.) ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో, ఇంజన్లతో పాటు వచ్చే పుస్తకాల మీద గ్రీజు వేళ్ళు పెట్టి ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ మర్యాద మాటలు తక్కువ, హెచ్చరికలు ఎక్కువ. ఎవరైనా పెద్ద ఉద్యోగి "తమరేం చదువుకున్నారండీ" అని అడిగితే "చేతికందిందల్లా" అని జవాబు చెప్పి, తరువాత వారం రోజులు ఆ ప్రశ్నను తలుచుకుని మండిపడేవాణ్ణి.

మాది వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. అంతా ఇసక నేల. వానకు ఇసకలోకి దిగిన మంచినీళ్ళు కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద పాల మీద మీగడలాగా తేలుతుంటాయి. ఆ మీగడ చెదరకుండా తోడుకోవడమే మా దగ్గర సేద్యం. మా అక్క భర్త పోయిన తరువాత ఆమె ఒక బావినీ, దాని కింది కాస్త వరినీ నమ్ముకుని బతికింది. వీధంతా తాగేది ఆ బావి నీళ్ళే. అట్లాంటి బావిలో ఒక వేసవిలో నీళ్ళు మారాయి. మొదట కందిపప్పు ఉడకడం మానేసింది. తరువాత టీ తాగిన వాళ్ళు మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ పైన నారుమడి కొసలు ఎర్రబారాయి. అక్క చెయ్యి చాచి చూపించింది గుంటల బావ వైపు. ఈ బావ మా అక్క భర్తకు చిన్నాన్న కొడుకు, అంటే ఆమెకు మరిది, నాకు బావ వరస. ఉప్పుకాలవ నుంచి నీళ్ళు మళ్ళించి రెండు గుంటల్లో రొయ్యలు పెంచుతున్నాడు. అవి ఊరికి దూరంగానే ఉన్నాయి. ఇప్పుడు అక్క బావిని ఆనుకుని ఉన్న తన సరుగుడు తోటలో కొత్తగా గుంటలు తవ్వుకోవడానికి ఊరి పెద్దల సంతకాలు అడుగుతున్నాడు. ఆ సంతకాలు పడితే అక్క బావికి నీళ్ళు వదులుకోవలసిందే.

సొసైటీ గోడౌను అరుగు మీద పంచాయితీ పెట్టారు. "సముద్రం పక్కన బావి తవ్వుకోని ఉప్పుగా ఉండాదంటే ఎట్టా వదినా? సముద్రాన్ని గూడా నేనే తవ్వినానా?" అన్నాడు గుంటల బావ. అక్క కొంగు బిగించి, "నేను కాపరానికి వచ్చినప్పటి నించీ సముద్రం ఆడనే ఉండాది మరిదీ. నీ గుంటలే మొన్న వచ్చినాయి" అంది. అరుగంతా నవ్వింది. అయితే బావ ఉత్త చేతుల్తో రాలేదు. రొయ్యల మేత అమ్మే కంపెనీ సైంటిస్టు ఒకాయన చేత రంగుల గ్రాఫు వేయించుకుని తెచ్చాడు. అందులో నీలం గీత ఒకటి, ఎవరి జోలికీ పోని పెద్దమనిషిలాగా, ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా పడుకుని ఉంది. నేనూ తక్కువ తినలేదు. నీళ్ళలో ఉప్పు చూసే పెన్నులాంటి మీటరుతో ప్రతి ఉదయం బావి నీళ్ళు చూసి, ఆ అంకెలను ఫోన్లో దాచుకుని, వాటితో గ్రాఫు కాగితం మీద చేత్తో గీసుకొచ్చాను. నా గీత కొబ్బరిచెట్టు ఎక్కేవాడిలాగా పైకి పోతోంది. బావ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నలుగురికీ చూపించాడు. "చేత్తో గీసింది చెల్లదు బావా. నీ చెయ్యి, నీ పెన్సిలు, నీ అక్క. గీత పైకి పోక యాడికి పోతాది?" మళ్ళీ నవ్వులు. ఈసారి నా మీద. సొసైటీ ప్రెసిడెంటు ఇద్దరికీ చుట్టమే కాబట్టి ఇద్దరి మీదా సమానంగా విసుక్కున్నాడు. "పెద్దాయనా, ఆదివారం దాకా టైమిస్తా ఉండా. కంప్యూటరు గీసిందేదన్నా ఉంటే తీసకరా. లేకపోతే సంతకాలు పెట్టేస్తాం, ఆనక నన్ననబాకండి."

ఇంటికి వచ్చేటప్పుడు అక్క నా వెనకే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "నీకొచ్చునా అబ్బయా అదీ?" అని అడిగింది. "ఏముంది దాంట్లో!" అన్నాను. ఆ రెండు మాటల ఫలితమే ఈ కథ.

నా దగ్గరున్నది మాకు దగ్గరి టౌను కోటలో నెట్ సెంటరు ఎత్తేస్తూ అమ్ముకున్న పాత ల్యాప్‌టాపు. (లెక్కల పట్టికలు వేసే మామూలు సాఫ్ట్‌వేరులో గీయవచ్చు గదా అని ఇప్పుడు నాకు సలహా ఇచ్చేవాళ్ళకు మనవి: అది తెరవగానే గడువు అయిపోయిందని ఎర్రపట్టీ చూపించి చేతులు కట్టుకుని నిలబడేది.) పైగా శత్రువు ఏ కత్తితో వచ్చాడో ఆ కత్తితోనే కొట్టాలని నా పట్టుదల. మేత కంపెనీ సైంటిస్టుకే ఫోన్ చేసి, గ్రాఫు దేంతో వేశారని అమాయకంగా అడిగాను. "పైథాన్ అంకుల్. అందులో మ్యాట్‌ప్లాట్‌లిబ్. చాలా సింపుల్" అన్నాడాయన. చదువుకున్నవాళ్ళు సింపుల్ అన్న మాట వాడకుండా ఒక చట్టం తేవాలి. పైథాన్ అంటే కంప్యూటరుకు పని పురమాయించే భాష. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అంటే ఆ భాషలో గ్రాఫులు గీయడానికి ఎవరో మహానుభావులు తయారుచేసి లోకానికి వదిలిన పనిముట్ల పెట్టె. రెండూ ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేదేదీ ఊరికే పనిచేయదని సబ్సిడీ పంపుసెట్టు నాడే నాకు తెలిసి ఉండాల్సింది.

పైథాన్‌ను దించుకున్నాను, ఎక్కించుకున్నాను. ఆజ్ఞలు టైపుచేసే నల్ల కిటికీ తెరిచి దాని పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరుగలవాళ్ళు ఎవరూ నాకు తెలియదంది కంప్యూటరు. ఇప్పుడే కదా నీ కడుపులో పెట్టాను, తెలియదంటావేమే అని కేకలేసి, తీసేసి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ తెలియదంది. చివరికి తేలిందేమిటంటే, ఎక్కించేటప్పుడు మొదటి పేజీలో అట్టడుగున చీమ తలకాయంత గడి ఒకటి ఉంటుంది. అందులో టిక్కు పెడితేనే పైథాన్ ఇల్లెక్కడో కంప్యూటరుకు తెలుస్తుంది. కొత్త కోడల్ని ఇంటికి తెచ్చి, వంటిల్లు ఏ వైపుందో చెప్పాలంటే అడుగున టిక్కు పెట్టండి అన్నట్టు. అంత ముఖ్యమైన గడిని అంత చిన్నగా, అంత అడుగున పెట్టినవాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.

తరువాత పనిముట్ల పెట్టెను రప్పించాలి. మా ఇంట్లో సిగ్నలు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప ఎక్కడా నిలవదు. మిట్టమధ్యాహ్నం ఎండలో తల మీద తడి తువ్వాలు, ఒడిలో ల్యాప్‌టాపు, చేతిలో ఫోను పెట్టుకుని కూర్చున్నాను. పెట్టె వచ్చింది. గ్రాఫు గీయమంటే, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనేది ఈ ఇంట్లో లేదంది. సరే, మళ్ళీ రప్పించబోతే, అది ఈ ఇంట్లో ఇదివరకే ఉందంది. ఒకే నోటితో, ఒకే కిటికీలో, పై లైనులో ఉందనీ కింది లైనులో లేదనీ! రేషన్ షాపువాడు కూడా ఇంత ధైర్యంగా మాట మార్చడు. ఆ సాయంత్రానికి గుట్టు తెలిసింది: నేను కొనకముందే ఆ ల్యాప్‌టాపులో ఎవరో పెట్టిపోయిన పాత పైథాన్ ఒకటి ఉంది. పెట్టె ఒకదాని ఇంటికి పోతోంది, పని రెండోదానికి చెప్తున్నాను. మా ఆవిడ కింద నుంచి, "పైథానంటే కొండచిలవంట గదా ఏమయ్యా? ఒకటి చాల్లేదా, జత పెట్టుకున్నావా?" అంది. నేను పాతదాన్ని సాగనంపాను.

అసలు గండం ఆ తరువాత వచ్చింది. అది నా భక్తి వల్ల వచ్చింది. మా తీరంలో పడవ నీళ్ళలోకి దించేముందు దాని ముక్కు మీద అమ్మవారి పేరు రాస్తాం. ఎవరి దయతో పని నడవాలో వారి పేరే పనికి పెట్టుకోవడం మా ఆనవాయితీ. నా ఇంజన్ల షెడ్డుకూ అమ్మవారి పేరే. అందుకని నేను రాసుకున్న నాలుగు లైన్ల ప్రోగ్రాము ఫైలుకు, ఎవరి దయతో గ్రాఫు రావాలో ఆ మ్యాట్‌ప్లాట్‌లిబ్ పేరే పెట్టాను. పెట్టి, కళ్ళకద్దుకుని, నొక్కాను. పడ్డాయి ఎర్రక్షరాలు, తెర నిండా! మ్యాట్‌ప్లాట్‌లిబ్ సగమే తయారైందనీ, అందులో గ్రాఫు గీసే పనిముట్టే లేదనీ వాటి సారాంశం. తీసేసి మళ్ళీ రప్పించాను. అదే ఎరుపు. కంప్యూటరును ఆర్పి వెలిగించాను. అదే ఎరుపు. శుక్రవారం వచ్చేసింది. అక్క రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, నా మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేది. ఆమె అడిగి ఉంటే అరిచి ఉందును. అడగనివాళ్ళ మీద ఎట్లా అరుస్తాం?

ఇట్లాంటి బాధలు పడేవాళ్ళు ఒకరి గోడు ఒకరు వినడానికి ఇంటర్నెట్టులో ఒక వేదిక ఉంది. అక్కడ నా ఇంజన్ పుస్తకాల ఇంగ్లీషులో రాశాను: "హెచ్చరిక! మీ సరుకు స్టార్టు కావడం లేదు. అన్ని భాగాలూ విప్పి చూడడమైనది. వెంటనే సరిచేయవలెను, లేనిచో ప్రమాదము." కింద ఆ ఎర్రక్షరాలన్నీ అతికించాను. ఎక్కడి దేశంవాడో తెలియదు, ఒక్క లైను జవాబిచ్చాడు. నీ ఫైలు పేరు మార్చు, అంతే. దయచేసి అన్న మాట కూడా లేదు. నాకు కోపం నషాళానికి అంటింది. అమ్మవారి పేరు పెట్టిన పడవకు పేరు మార్చమంటాడా! పెద్దగా చదివి వినిపించి, వాడి వంశాన్ని తిట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ చేపలు తోముతూ అంతా విని, "కాస్త ఆగు. నీ కాయితానికి ఏం పేరు పెట్టినావు?" అని అడిగింది. చెప్పాను. "నువ్వు పిలిచే ఆయన పేరేంది?" మళ్ళీ అదే పేరు చెప్పాను. ఆమె చేతిలో చేపను చట్టిలో వేసి నా వైపు చూసింది. "మన వీధిలో రమణయ్యలు ఎంతమంది? గేటు కాడ నిలబడి 'రమణయ్యా' అంటే ఎవరు పలకతారు?"

"వాకిట్లో ఉండేవాడు" అన్నాను.

"మరి వాకిట్లో నువ్వే ఆ పేరు పెట్టుకోని కూసోనుంటే, లోపలుండే ఆయన ఎందుకు వస్తాడయ్యా?"

నిజంగా అంతే. కంప్యూటరు మొదట ఫైలున్న అరలోనే, అంటే వాకిట్లోనే వెతుకుతుంది. అక్కడ నా నాలుగు లైన్ల ఫైలు అసలువాడి పేరుతో కూర్చుని ఉంది. గ్రాఫు గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను పిలవమని అది చెబితే, కంప్యూటరు దాన్నే పిలుస్తోంది. అది పలుకుతోంది, వచ్చి చూస్తే దాని చేతిలో ఏమీ లేదు. నేను ఫైలుకు "బావి" అని పేరు మార్చి నొక్కాను. తెర మీద తెల్లటి కాగితంలాంటిది తెరుచుకుంది. దాని మీద మా అక్క బావి గీతై, వేసవి మొదట్లో నేల మీద పాకుతూ, ఒకచోట నుంచి జివ్వున పైకి లేచింది. మా ఆవిడ చేపల చేతులతోనే వచ్చి చూసి, "వచ్చిందే!" అంది, బిడ్డ పుట్టినప్పుడు మంత్రసాని అన్నట్టు. అక్కను పిలిపించాను. ఆమె తెరకు ముట్టీ ముట్టకుండా వేలు పెట్టి గీత వెంట పైదాకా పోయింది. "ఇదేనా నా బావి?" అంది. నాకు ఆ వారంలో మొదటిసారి ఎవరి మీదా కోపం లేకపోయింది.

అది పావుగంట నిలిచింది. గీత అయితే వచ్చింది గానీ, గ్రాఫు మీద నేను తెలుగులో రాసిన మాటలు రాలేదు. పైన "అక్క బావిలో ఉప్పు" అని పేరు, పక్కన, కింద వివరాలు, గీత లేచిన చోట బాణం గుర్తు పెట్టి ఇంకో రెండు ముక్కలు రాశాను. వాటిలో ప్రతి అక్షరం బదులూ ఒక ఖాళీ చదరపు గడి వచ్చి నిలబడింది. ఆ పెట్టెలో ఉన్న అక్షరాల అచ్చులో తెలుగు లేదట. లేనిచోట గడి పెడుతుందట. ఇంగ్లీషులో రాస్తే ఏ గొడవా లేదు. కానీ అరుగు మీద కూర్చునే పెద్దలకు తెలుగులో రాయకపోతే అది మరో మేత కంపెనీ కాగితమే అవుతుందని నా పంతం. శనివారం పొద్దునంతా కుస్తీపట్టి కంప్యూటరులో ఉన్న తెలుగు అచ్చును దానికి చూపించాను. అప్పుడు అక్షరాలు వచ్చాయి, ఏ భాగానికి ఆ భాగం ఊడిపోయి. వొత్తులు కిందికి పోకుండా పక్కన నిలబడ్డాయి, కొమ్ములు అక్షరాల నుంచి జారిపోయాయి. ఉప్పు అన్న చిన్న మాట, బస్సు గుద్దిన సైకిలులాగా పడి ఉంది. అట్లా చేతులు కాళ్ళు విరిగిన తెలుగును నలుగురిలోకి తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు. దానికంటే గడులే నయం, అడిగితే నోటితో చెప్తానని, గడులతోనే కోటకు పోయి జెరాక్సు షాపులో పెద్ద కాగితం మీద నలుపు తెలుపుల్లో అచ్చు వేయించాను.

ఆదివారం అరుగు నిండిపోయింది. ఉపన్యాసం బస్సులో కంఠస్థం చేసుకున్నాను. ఉప్పు శాతం అంటే ఏమిటి, మీటరు ఎట్లా చూస్తుంది, గీత ఎక్కడ లేచింది, ఎందుకు లేచింది. కాగితం విప్పి ప్రెసిడెంటు ముందు పరిచాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అద్దాలు సర్దుకున్నాడు. గుంటల బావ ఆయన భుజం మీదుగా వంగి చూశాడు. చూస్తుండగానే అతని మొహంలో రంగు దిగిపోయింది.

"ఏంది బావా ఇది? పైనుంచి ఫోటో తీయించినావా?"

నాకు అర్థం కాలేదు. "ఫోటో ఏంది?" అన్నాను.

"నా తోట మీద డ్రోను ఎగరేసినావా లేదా? దొంగతనంగా ఒకరి తోటలో ఫోటోలు తీసేది న్యాయమా, ప్రెసిడెంటన్నా నువ్వే చెప్పు!"

ప్రెసిడెంటు వేలితో గడులను తడుముతూ, "ఇయ్యి ఏంది, ఈ గళ్ళు?" అన్నాడు.

"గుంటలు గాక ఏంది? వరసగా కనపడతా ఉంటే! అయినా ఇన్ని నాయి యాడుండాయన్నా? సరుగుడు తోటలో నేను తవ్వింది మూడే! మిగతాయన్నీ ఈయన కల్పించినయ్యి. దొంగ ఫోటో ఇది!"

అరుగు మీద సోడా కొడుతున్నవాడు కొట్టడం ఆపేశాడు. మా అక్క నిదానంగా లేచి నిలబడింది. ప్రెసిడెంటు కాగితం మీద నుంచి తల ఎత్తి, "సరుగుడు తోటలో మూడు తవ్వినావా? ఆ తోటలో తవ్వుకోడానికే గదయ్యా నువ్వు మమ్మల్ని సంతకాలు అడిగేది?" అన్నాడు. తోట చుట్టూ పచ్చ వల కట్టి, సరుగుడు నారు పోశాను, తొక్కొద్దని బావ కుక్కను ఎందుకు కట్టేశాడో అందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. "నారు బాగా మొలిచిందా మరిదీ? మీసాలతో మొలిచిందా?" అంది మా అక్క.

అన్యాయంగా గెలవడం నా రక్తంలో లేదు. (రక్తంలో ఉన్నా, అంత కష్టపడి గీసిన గీతను ఎవరూ చూడకపోతే ఎవరు ఊరుకుంటారు?) "అయ్యా, ఒక్కమాట. అవి గుంటలు కావు, అక్షరాలు. తెలుగక్షరాలు. ఇక్కడ 'ఉప్పు' అని రాశాను. చూడాల్సింది ఈ గీతను" అని గట్టిగా చెప్పాను. అక్క మోచేత్తో నా డొక్కలో పొడిచింది. ప్రెసిడెంటు నా వైపు జాలిగా చూశాడు. "ఊరుకో పెద్దాయనా. ఎంత బావైతే మాత్రం ఇప్పుడు కూడా వెనకేసుకొస్తావా? అక్షరాలు ఎట్టుంటాయో మాకు తెలవదా?" అరుగంతా ఔనంది. ఉపన్యాసం నా గొంతులోనే ఉండిపోయింది. అందరూ లేచి తోటకు నడిచారు. మూడు గుంటలు, నిండా ఉప్పునీళ్ళు, వాటిలో ఒకటి అక్క బావికి ఎంత దగ్గరంటే గట్టు మీద నిలబడి గిరక చప్పుడు వినవచ్చు. వానలు రాకముందే వాటిని ఎండగట్టి పూడ్చాలని అక్కడే తీర్మానమైంది. బావ పూడ్చాడు, నెల రోజులు నాతో మాట్లాడకుండా. తరువాత మాట్లాడాడు, ఆ డ్రోను ఎవరిదో చెప్పమని. ఇప్పటికీ అడుగుతున్నాడు.

రెండు వానాకాలాలు గడిచేసరికి బావిలో మీగడ మళ్ళీ కట్టింది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తెలుగు మాటలను విరక్కుండా విడిగా బొమ్మగా చేసి గ్రాఫు మీద అతికించే ఉపాయం నేర్చుకున్నాను. ఏటా బావి గ్రాఫు గీసి అక్కకు చూపిస్తాను. ప్రతి వొత్తూ తన చోట, ప్రతి కొమ్మూ తన అక్షరం మీద. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "బాగుందిలే అబ్బయా" అని మడిచి చాప కింద పెడుతుంది. అందులో ఏం రాసుందో చదివినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఎవరూ లేరు. ఎర్రక్షరాలు వస్తే నేనిప్పుడు అరవను. కింది లైను నుంచి పైకి ఓపికగా చదువుకుంటాను, చాలాసార్లు తప్పు దొరుకుతుంది కూడా. ఒక్కోసారి మిద్దె మీదికి పోయినప్పుడు, తల మీద తడి తువ్వాలు వేసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరినో పట్టుకుని తిడుతున్న ఆ అరవై మూడేళ్ళ కుర్రవాడు కనిపిస్తాడు. తప్పు ఎవరిదో వాడికి ఎంత కచ్చితంగా తెలుసో! అంత కచ్చితంగా నాకిప్పుడు ఏదీ తెలియదు. వాణ్ణి చూసి నవ్వుకుంటూ కిందికి దిగుతాను.